అడవి లెక్క ఎవరు రాయాలి?

వానాకాలం మొదలైందంటే మన బళ్లల్లో మొక్కలు నాటడాలు, వ్యాసరచన పోటీలు. "అడవులు – వాతావరణ మార్పు" అని బోర్డు మీద రాస్తారు. బాన్సువాడ చుట్టుపక్కల తండాల పిల్లలు కూడా అందరిలాగే రాస్తారు. చెట్లు బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి, ప్రాణవాయువును ఇస్తాయి, దేశంలో 33 శాతం అడవి ఉండాలి, ప్రతి ఒక్కరూ ఒక మొక్క నాటాలి. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఆ వ్యాసంలో రాసిన పిల్లల ఊరు ఉండదు. ఇప్పచెట్టు ఉండదు. తునికాకు కల్లం ఉండదు. పోడు చెలక చుట్టూ తవ్విన కందకం ఉండదు. హైదరాబాద్‌లో పుట్టిన పిల్లవాడు రాసినా, గాంధారి అడవి అంచున పుట్టిన పిల్ల రాసినా ఒకటే వ్యాసం.

ఆ వాక్యాలు పిల్లలవి కావు. పాఠ్యపుస్తకాలవి. పాఠ్యపుస్తకాలకు అవి ప్రభుత్వ నివేదికల నుంచి వస్తాయి. నివేదికలకు అటవీ పరిశోధన నుంచి వస్తాయి. కథను, కవిత్వాన్ని మనం విమర్శకు పెడతాం. ఇందులో ఆదివాసీని ఎలా చూపించారు, గిరిజన స్త్రీ నోట ఎవరి మాట పెట్టారు అని అడుగుతాం. నివేదికను మాత్రం ఎప్పుడూ అలా చదవం. అంకెలు కనబడగానే తల వంచుతాం. నిజానికి మన బతుకును కథల కంటే ఎక్కువగా మార్చిన పుస్తకాలు నివేదికలే. అందుకే ఈ వ్యాసంలో ఒక నివేదికను, దాని వెనకున్న పరిశోధనను సాహిత్య గ్రంథాన్ని చదివినట్టు చదవాలనుకుంటున్నాను.

ఆ గ్రంథం భారత అటవీ స్థితి నివేదిక. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని రెండేళ్లకోసారి తెస్తుంది. 2021 నివేదిక 2022 జనవరిలో, 2023 నివేదిక 2024 డిసెంబరులో వచ్చాయి. ఏ పుస్తకానికైనా కథానాయకుడు ఎవరో ముందు తేల్చుకోవాలి. ఇక్కడ కథానాయకుడు అడవి. మరి అడవి అంటే ఏమిటని ఈ పుస్తకం చెబుతోంది?

ఒక హెక్టారు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు, లేదా అంతకు మించిన జాగా అయ్యుండాలి. పైనుంచి చూస్తే చెట్ల గొడుగు కనీసం 10 శాతం నేలను కప్పాలి. అంతే, అది అటవీ విస్తీర్ణం కింద లెక్కకొస్తుంది. ఆ నేల ఎవరిది, ఏ చెట్టు, ఎందుకు పెంచారు అన్నది ఈ నిర్వచనానికి అక్కర్లేదు. మామిడితోట, జామాయిల్ తోట, వెదురు, తాటివనం, ఆయిల్‌పామ్, అన్నీ ఈ గొడుగు కిందికి రావచ్చు. నల్లమద్ది, చిరుమాను, బిల్లుడు, మొర్రి, ఉసిరి కలగలిసి తమంత తాము పెరిగిన అడవీ ఇందులోదే. కాగితం మిల్లుకు నాలుగైదేళ్లలో నరికి పంపే జామాయిల్ తోటా ఇందులోదే.

ఈ నిర్వచనాన్ని దాచిపెట్టారని అనలేం. నివేదికలోనే స్పష్టంగా రాశారు. తప్పు చదివేవాళ్లలో ఉంది. 2021 నివేదిక వచ్చినప్పుడు తెలంగాణలో అడవి 632 చదరపు కిలోమీటర్లు పెరిగిందన్న వార్త అంతటా వచ్చింది. దేశంలో ఎక్కువ పెరుగుదల చూపిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ తర్వాత మనదే స్థానం. ఆ పెరిగినదాంట్లో ఇప్ప ఎంత, జామాయిల్ ఎంత అని ఎవరూ అడగలేదు. "అటవీ విస్తీర్ణం పెరిగింది" అన్న మాట "అడవి పెరిగింది" అయిపోయింది. రెండు మాటల మధ్య ఉన్న సందులోనే మన బతుకు ఉంది.

శాతాల సంగతీ అంతే. 2015లో తెలంగాణకు హరితహారం మొదలైనప్పుడు పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తీసుకెళ్తామని, 230 కోట్ల మొక్కలు నాటుతామని లక్ష్యం పెట్టారు. ఆ 24 శాతం దాదాపుగా రికార్డుల్లో అటవీ భూమి అని రాసి ఉన్న నేల. అందులో చెట్లు ఉన్నా, రాళ్లు ఉన్నా, చెలకలు ఉన్నా అది రికార్డు ప్రకారం అడవే. ఉపగ్రహానికి చెట్ల గొడుగుగా కనిపించింది 2021 నివేదిక ప్రకారం 21,214 చదరపు కిలోమీటర్లు, అంటే 18.93 శాతం. ఒకటి కాగితం మీది అడవి, ఒకటి ఆకాశం నుంచి కనిపించే అడవి. మూడోది కూడా ఉంది. పొద్దున బుట్ట పట్టుకొని పోతే మధ్యాహ్నానికి ఏదో ఒకటి ఇచ్చి పంపే అడవి. ఆ మూడోదానికి ఏ పట్టికలోనూ గడి లేదు.

ఇంత చెప్పి పరిశోధనను కొట్టిపారేస్తే అది విమర్శ కాదు, కోపం మాత్రమే అవుతుంది. అటవీ పరిశోధన వాతావరణం విషయంలో చేసిన మేలు చాలా పెద్దది. దాన్ని మన యువకులు సరిగ్గా తెలుసుకోవాలి.

ఒక చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఎంత దాచుకుందో తెలియాలంటే దాన్ని నరికి తూచనక్కర్లేదు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే దాదాపు మన ఛాతీ ఎత్తులో, చుట్టుకొలత తీస్తే చాలు. ఆ కొలతకు ఎంత కలప ఉంటుందో జాతిని బట్టి లెక్కగట్టే సూత్రాలు పరిశోధకులు తయారుచేశారు. ఎండిన కలప బరువులో దాదాపు 47 శాతం కర్బనం. ఆ కర్బనాన్ని 3.67తో హెచ్చిస్తే అది గాలిలోంచి తీసుకున్న వాయువు బరువు వస్తుంది. అంటే 100 కిలోల ఎండుకలప ఉన్న చెట్టు దాదాపు 172 కిలోల బొగ్గుపులుసు వాయువును పట్టి ఉంచింది. ఎనిమిదో తరగతి పిల్లలు చేయగల లెక్క ఇది. దేశాలన్నీ వాతావరణ సదస్సుల్లో పెట్టే అడవుల లెక్కకు పునాది కూడా ఇదే. 2015లో పారిస్ ఒప్పందానికి ముందు మన దేశం ఒక మాట ఇచ్చింది. 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును నిలవ చేస్తామంది. 2005తో పోలిస్తే ఇప్పటికే 229 కోట్ల టన్నులు అదనంగా చేరిందని 2023 నివేదిక అంటోంది. చెట్టు కొలత తెలియకపోతే ఈ మాట ఇవ్వడమూ కుదరదు, నిలబెట్టుకున్నామో లేదో చూడడమూ కుదరదు.

ఇంకో సంగతి కూడా పరిశోధనే చెప్పింది. మన అడవుల్లో దాగిన కర్బనంలో ఎక్కువ భాగం చెట్లలో లేదు, మట్టిలో ఉంది. 2021 నివేదిక ప్రకారం దేశంలోని అడవుల్లో ఉన్న మొత్తం కర్బనం 720 కోట్ల టన్నులు. అందులో 56 శాతం మట్టిలోదే. రాలిన ఆకు, చచ్చిన వేరు, చెదలు తిన్న కట్టె ఏళ్ల తరబడి మట్టిలో కలిసి నిలవైన సొత్తు అది. ఇది చదివిన తర్వాత ఒక ప్రశ్న వేయకుండా ఉండలేం. మొక్కలు నాటడానికి పొదలు కొట్టేసి, యంత్రంతో నేలను దున్ని, గుంతలు తీసినప్పుడు ఆ మట్టిలోని సొత్తు ఏమవుతుంది? పైన పచ్చదనం పెరిగింది సరే, కింద ఎంత పోయింది? పరిశోధన ఇచ్చిన అంకెతోనే మనం ఆ పరిశోధనను ప్రశ్నించగలం. అందుకే అంకెలకు భయపడవద్దంటున్నాను.

ఇప్పుడు మన నేల దగ్గరికి వద్దాం. బాన్సువాడ అనగానే అందరికీ వరి, మంజీర, నిజాంసాగర్ గుర్తొస్తాయి. ఆయకట్టు ఒకవైపు. గాంధారి, ఎల్లారెడ్డి, లింగంపేట దిక్కు పోతే గుట్టలు, తండాలు, ఎండాకాలం ఆకు రాల్చే అడవి. అటవీశాస్త్రం దీన్ని దక్షిణ ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవి అంటుంది. ఫాల్గుణంలో పోతే మోదుగ పూలు తప్ప పచ్చన కనిపించదు. ఫారెస్ట్ సర్వే వాళ్లు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తీసిన ఉపగ్రహ చిత్రాలనే వాడతారు. ఆకు నిండుగా ఉండే కాలం అది. అడవి స్వభావం తెలిసి పెట్టుకున్న పద్ధతి కాబట్టి మెచ్చుకోవాలి.

కానీ ఈ అడవి స్వభావంలో ఇంకోటి ఉంది. ఇది దట్టంగా ఉండదు. తెలంగాణ అటవీ విస్తీర్ణంలో దాదాపు సగం, 10,471 చదరపు కిలోమీటర్లు, 10 నుంచి 40 శాతం గొడుగు ఉన్న పలుచని అడవి. పలుచని అడవి అనగానే అది పాడైపోయిందని, అక్కడ ఏదో ఒకటి నాటి దట్టం చేయాలని ఒక ఆలోచన వస్తుంది. నిజమే, కొన్నిచోట్ల అది నరుకుడు వల్ల పలుచబడింది. కొన్నిచోట్ల మాత్రం అది పుట్టుకతోనే అంత. వాన తక్కువ, మట్టి పలుచన, ఆరేడు నెలల ఎండ. ఆ చెట్ల మధ్య వెలుతురు పడే జాగాలోనే గడ్డి మొలుస్తుంది, పశువు మేస్తుంది, తునికి పొద చిగురిస్తుంది. లంబాడీలు పశువుల మందలతో దేశాలు తిరిగిన జాతి. వాళ్లకు ఆ ఖాళీ జాగా ఖాళీ కాదు. దాన్ని నింపేస్తే ఉపగ్రహానికి పచ్చదనం పెరుగుతుంది. ఆవుకు మేత తగ్గుతుంది, బీడీ ఆకు కట్టకు ఆకు తగ్గుతుంది.

పరిశోధన ఏ ప్రశ్న అడిగితే ఆ జవాబు ఇస్తుంది. జామాయిల్ సంగతే చూడండి. భద్రాచలం దగ్గర సారపాక కాగితం మిల్లు వాళ్లు మేలైన జామాయిల్ చెట్లను ఎంచి, వాటి కొమ్మల నుంచి అచ్చు అలాంటి మొక్కలనే పెంచే పద్ధతిని సాధించారు. నిటారు మాను, తొందరగా ఎదుగుదల, ఎకరానికి ఎక్కువ కలప. రైతులకు డబ్బొచ్చింది, మిల్లుకు ముడిసరుకు దొరికింది. అది మంచి పరిశోధనే. ఎకరానికి ఎన్ని టన్నులు అన్న ప్రశ్నకు గట్టి జవాబు. మరి ఇప్పచెట్టు గురించి అంత గట్టి ప్రశ్న ఎవరు అడిగారు? ఎండ ముదిరిన ఏడాది ఇప్పపువ్వు ఎందుకు తగ్గుతోంది? అడవిలో పెద్ద ఇప్పలు కనిపిస్తున్నాయి గానీ పిల్ల ఇప్పలు ఎందుకు కనిపించడం లేదు? తునికి కొమ్మ ఏ వారంలో కొడితే ఆకు వెడల్పుగా వస్తుంది, వాన ముందే పడితే ఏం చేయాలి? ఈ ప్రశ్నలు మిల్లుకు అక్కర్లేదు. మనకు కావాలి. ఎండలు మారుతున్న కాలంలో బతుకుతెరువు నిలవాలంటే జవాబులు దొరకాల్సింది వీటికే. సుస్థిర అభివృద్ధి అని పెద్ద మాట అంటారు కదా, మన దగ్గర దాని అర్థం ఇదే. రేపు కూడా ఆకు, పువ్వు, మేత, నీళ్లు ఉండడం.

నాటిన మొక్కల మీద కూడా సరైన ప్రశ్న అడిగినవాళ్లు ఉన్నారు. హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా జిల్లాలో దశాబ్దాలుగా ప్రభుత్వం నాటించిన తోటల మీద కొందరు పరిశోధకులు పనిచేశారు. 2021లో ఆ ఫలితాలు నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో వచ్చాయి. అంత ఖర్చు పెట్టి నాటినా చెట్ల గొడుగు పెరిగినట్టు వాళ్లకు ఆధారం దొరకలేదు. ఊరివాళ్లకు పనికొచ్చే వెడల్పాకు చెట్ల వాటా తగ్గింది. బతుకుతెరువుకూ పెద్దగా సాయం కాలేదు. ఆ పరిశోధకులు ఎన్ని మొక్కలు నాటారని అడిగి ఊరుకోలేదు. ఎన్ని బతికాయి, ఎవరికి పనికొచ్చాయి అని అడిగారు. అటవీ పరిశోధన వాతావరణానికి మేలు చేయడమంటే ఇదీ. ప్రభుత్వానికి నచ్చని జవాబు కూడా చెప్పగలగాలి.

నిజాంసాగర్‌ను కూడా ఇలాగే చదవాలి. 1931లో కట్టడం పూర్తయినప్పుడు అది దాదాపు 30 టీఎంసీల నీళ్లు పట్టేది. పూడిక చేరి చేరి, మధ్యలో నీటిమట్టం పెంచినా సరే, ఇవాళ చెప్పే లెక్క 17.8 టీఎంసీలు. మంజీర మహారాష్ట్రలో బాలాఘాట్ గుట్టల్లో పుట్టి కర్ణాటక మీదుగా వస్తుంది. ఆ దారంతా కొట్టుకొచ్చిన మట్టి అది. బాన్సువాడ వరి రైతుకు, పైనున్న గుట్టల మీద అడవికి ఉన్న సంబంధం ఆ పూడికలో కనిపిస్తుంది. మట్టిని ఆపేది చెట్టు ఒక్కటే కాదు. కింద గడ్డి, పొద, రాలిన ఆకు ఉండాలి. ఒట్టి టేకు తోటలో కింద నేల బోడిగా ఉంటే వెడల్పాటి ఆకుల మీద వాన చుక్కలు చేరి లావై పడి మట్టిని ఇంకా లేపుతాయని అటవీశాస్త్రమే చెబుతుంది. కాబట్టి నీళ్ల కోసమైనా, మట్టి కోసమైనా, కర్బనం కోసమైనా జవాబు ఒకటే. కలగలుపు అడవి, కింద కప్పున్న నేల. ఆ అడవిని కాపాడేది అందులో బతికేవాళ్లు.

ఇక్కడే అసలు పేచీ. పైనుంచి అడవిని కొలిచే ఉపగ్రహ చిత్రాన్నే కింద మన హక్కును కొలవడానికీ వాడుతున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకు ఆ భూమి మీద హక్కు ఉంది. ఆ నాటి చిత్రంలో చెలక కనిపించలేదు కాబట్టి హక్కు లేదనే వాదన చాలాచోట్ల వినబడింది. చెట్ల మధ్య చిన్న చెలక, ఒక ఏడాది బీడు పెట్టిన చెలక పైనుంచి ఎలా కనిపిస్తుంది? ఉపగ్రహ చిత్రాలు వేరే సాక్ష్యాలకు తోడు మాత్రమేనని, వాటికి బదులు కావని 2012లో సవరించిన నియమాల్లోనే ఉంది. ఈ మాట మన తండాల్లో ప్రతి అటవీ హక్కుల కమిటీ సభ్యుడికీ నోటికి రావాలి. ముసలివాళ్ల సాక్ష్యం, పాత రసీదు, సమాధి, దేవుడి గద్దె, బావి, ఇవి కూడా సాక్ష్యాలే.

2023 జూన్ చివర మన రాష్ట్రంలో దాదాపు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. మంచిదే. కానీ అదే చట్టంలో ఇంకో హక్కు ఉంది. ఊరు తరతరాలుగా కాపాడుకొస్తున్న అడవిని ఊరే కాపాడుకొని, వాడుకొని, నడుపుకొనే సామూహిక హక్కు. వ్యక్తిగత పట్టాల మీద ఉన్నంత పట్టుదల దాని మీద మన నాయకులకూ లేదు, మనకూ లేదు. మన సరిహద్దు దాటితే గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు ఊరు ఉంది. 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు సాధించింది. 2011లో తన వెదురును తానే అమ్ముకుంది. ఆ ఊళ్లో అభ్యాస్ గట్ అని చదువు బృందాలు ఉన్నాయి. తేనె గురించో, వెదురు గురించో, చట్టం గురించో ఊరివాళ్లే కూర్చొని బయటి నిపుణులను పిలిచి తెలుసుకుంటారు. తర్వాత గ్రామసభ నిర్ణయిస్తుంది. అక్కడ పరిశోధన ఊరిని అడగకుండా రాదు. ఊరు పిలిస్తే వస్తుంది.

పరిశోధకులను ఇంత అడిగాం కాబట్టి మనల్ని మనం కూడా అడగాలి. మన రచనల్లో అడవి తల్లి. పాటల్లో తల్లి, కవితల్లో తల్లి, సభల్లో తల్లి. ఆ తల్లి ఒళ్లో ఏ చెట్టు ఎక్కువైంది, ఏది తగ్గింది అని రాసిన గిరిజన రచయిత ఎంతమంది? మన సంకలనాలు తిరగేయండి. దుఃఖం ఉంటుంది, కోపం ఉంటుంది. ఇప్పపువ్వు ఏ వారం రాలిందో ఉండదు. పోయిన అడవి గురించి ఎన్ని పేజీలైనా రాస్తాం. ఉన్న అడవి గురించి ఒక్క పేజీ నమోదు లేదు. వాళ్ల నివేదికలో మనం లేమని బాధపడుతున్నాం సరే, మన పుస్తకంలో అడవి ఉందా?

ఇంకో చేదు మాట. 2005 తర్వాత కూడా కొత్తగా అడవి కొట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, మనవాళ్లను ముందుపెట్టి వెనక నుంచి కొట్టించినవాళ్లూ ఉన్నారు. ఎండాకాలం ఇప్పచెట్టు కింద ఊడ్చి నిప్పు పెడతాం, పువ్వు ఏరడానికి. తునికి చిగురు కోసమూ కొందరు పెడతారు. ఆ నిప్పు దాటిపోయి గుట్టంతా కాలిన రోజులున్నాయి. ఉపగ్రహం ఆ మంటను పట్టుకొని అటవీశాఖ ఫోనుకు సందేశం పంపిస్తుంది. పిల్ల ఇప్పలు ఎందుకు కనిపించడం లేదని పైన అడిగాను. ఏటేటా కాలే నేలలో మొలక నిలవదన్నది జవాబులో ఒక భాగం. ఏరుకొచ్చిన పువ్వుతో పాటు రేపటి చెట్టును కూడా ఇంటికి తెచ్చుకుంటున్నాం. ఈ మాటను మనమే చెప్పుకోకపోతే, మనల్ని వెళ్లగొట్టడానికి వేరేవాళ్లు వాడుకుంటారు. కింద వల పరిచి పువ్వు పట్టే పద్ధతి ఇప్పటికే కొన్ని రాష్ట్రాల్లో వాడుతున్నారు. నిప్పు అక్కర్లేదు, పువ్వు కూడా శుభ్రంగా ఉంటుంది. మన దగ్గర ఎందుకు కాకూడదు?

మరి ఏం చేయాలి? ముందు ఉపాధ్యాయులకు చెబుతాను. వ్యాసరచన పోటీని ఒక్క ఏడాది మార్చండి. "అడవులు – వాతావరణ మార్పు" బదులు "మా తండా దగ్గరి పది చెట్లు" అని పెట్టండి. ఒక్కో చెట్టుకు ఒక నంబరు వేసి, ఛాతీ ఎత్తులో చుట్టుకొలత టేపుతో తీయించండి. వారానికోసారి పిల్లలు వెళ్లి చిగురు, పువ్వు, కాయ, ఆకురాలుడు ఏ స్థితిలో ఉన్నాయో రాయాలి. సీజన్ వాచ్ అనే పేరుతో దేశంలో చాలా బళ్ల పిల్లలు ఇదే పని చేస్తున్నారు. రుతువులు మారుతున్నాయో లేదో చెప్పడానికి శాస్త్రవేత్తలకు ఆ నమోదులు అవసరం. చెట్టు పేరు తెలుగులోనూ, గోర్ బోలిలోనూ, గోండిలోనూ, పిల్ల ఏ భాషలో పిలిస్తే ఆ భాషలోనూ రాయించండి. పదేళ్లు ఆగకుండా రాస్తే ఆ నోటుబుక్కు ఏ పరిశోధనా సంస్థ దగ్గరా లేని గ్రంథం అవుతుంది. గ్రామసభలో సామూహిక హక్కు అడిగేటప్పుడు సాక్ష్యమూ అవుతుంది.

యువకులకు ఒక మాట. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల, పరిశోధనా సంస్థ ఉంది. ఫారెస్ట్రీలో డిగ్రీ అక్కడ చదవొచ్చు. హైదరాబాద్ దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. అడవి చదువు అనగానే మనవాళ్లకు ఖాకీ డ్రెస్సు గుర్తొస్తుంది. అడవిని చూస్తే మనకు గుర్తొచ్చే చెట్లు, పురుగులు, మందులు, మేత వాళ్ల పాఠాల్లో ఉన్నాయి. అక్కడికి తండా పిల్లలు, గూడెం పిల్లలు పోవాలి. పోయి నాలుగు లాటిన్ పేర్లు నేర్చుకొని రావడానికి కాదు. అక్కడ అడిగే ప్రశ్నలను మార్చడానికి. ఇప్పమీద, తునికిమీద, మొర్రిమీద పరిశోధనా పత్రం రాసేవాళ్లు ఆ చెట్టు కింద పెరిగినవాళ్లయితే ప్రశ్న వేరేగా ఉంటుంది.

ఇది మనకు కొత్త పని అనుకోవద్దు. తీజ్ పండుగ గుర్తు తెచ్చుకోండి. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టలో మట్టి పోసి గోధుమలు నానబెట్టి చల్లుతారు. తొమ్మిది రోజులు పూటపూటా నీళ్లు పోస్తారు. ఏ బుట్టలో మొలక ఎంత ఎదిగింది, పచ్చగా ఉందా, పాలిపోయిందా అని రోజూ చూస్తారు, పోల్చుకుంటారు. చూడడం, పోల్చడం, ఓపిగ్గా కనిపెట్టుకొని ఉండడం, పరిశోధన అంటే ఇంతకు మించి ఏముంది? మనకు లేనిది చూపు కాదు. చూసింది రాసి దాచుకునే అలవాటు.

ఉపగ్రహం చూసింది చూడనీ. అది చూడగలిగింది చెట్ల గొడుగును. గొడుగు కింద ఏముందో తెలిసినవాళ్లు మనం. ఆ సంగతి మనం రాయనంత కాలం మన అడవి గురించి, మన గురించి కూడా, గొడుగు పైనుంచి చూసినవాళ్లు రాసిందే చరిత్ర అవుతుంది.